కాంటాక్టర్ పడ్డప్పుడు వచ్చే స్పైకును పాత సీఆర్ఓల పట్టేది ఎట్ల?

బోరుబావి_స్టార్టర్ (నర్సంపేట) • శుక్రవారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. నర్సంపేటల మోటర్ వైండింగ్ షాపు నాది. నాలుగేండ్ల సంది మొబైల్ స్టార్టర్ బోర్డులు సుత రిపేరు చేస్తున్న. ఫోన్ కొడితే మోటర్ ఆన్ అయ్యేటివి. ఒక బాధ నన్ను ఇడుస్తలేదు. ఆన్ అయ్యేటప్పుడు ఏం కాదు. ఆఫ్ కొట్టినప్పుడు, కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే, తెంపే పెద్ద స్విచ్చు) టప్పున పడ్డప్పుడు, ఐదారు సార్లల్ల ఒకసారి బోర్డు రీసెట్ అయితది, లేకుంటే సిమ్ మాడ్యూల్ బిగుసుకపోతది. ఇగ రైతు పొలం కాడికి పోయి మెయిన్ తీసి పెడితే తప్ప పని చెయ్యది. పోయిన నెలల ఒకాయన మక్క చేనుకు నీళ్లు పారియ్యనీకి రాత్రి పదకొండు గంటలకు లైటు పట్టుకొని పోవాల్సొచ్చింది. చీకట్ల పోకుండ ఉండనీకే కద ఈ స్టార్టర్ పెట్టుకునేది.

ఒక కాలేజీ పాత సామాను వేలం పాటల సీఆర్ఓ (కాథోడ్ కిరణంతోని వోల్టేజీని తెరమీద గీతగ చూపే డబ్బా) తెచ్చిన. 20 మెగాహెర్ట్జ్, రెండు ట్రేసులది, మంచిగనే పని చేస్తుంది. 10ఎక్స్ ప్రోబు (వోల్టేజీని పదో వంతు చేసి సీఆర్ఓకు పంపే తీగ) బోర్డు మీద 5 వోల్టుల లైనుకు పెట్టి, క్లిప్పు గ్రౌండుకు పెట్టి చూసిన. కాంటాక్టర్ పడ్డప్పుడల్లా ఒక పచ్చ మెరుపు, కన్ను కొట్టినంత సేపే. ఆ స్పైకు 8 వోల్టుల దాకా ఎగిరినట్టు కొడుతుంది. ఫోన్ల ఫొటో తీస్తే గీత కూడ రాలే. దీన్ని మంచిగ పట్టేది ఎట్ల? జర చెప్పున్రి.

డిజిటల్_దోస్తు (కరీంనగర్) • శుక్రవారం రాత్రి 10:05

అన్నా, పాత డబ్బాతోని కుస్తీ ఎందుకు? ఇరవై ముప్పై వేలల్ల 100 మెగాహెర్ట్జ్ డిజిటల్ స్కోపు వస్తుంది. సింగిల్ బటన్ నొక్కి కాంటాక్టర్ ఆఫ్ చేస్తే స్పైకు తెరమీద ఆగిపోతది, ట్రిగ్గర్ (గీత మొదలు పెట్టిచ్చే సైగ) కంటే ముందు ఏం జరిగిందో సుత కనబడుతుంది. ఒక్కసారే వచ్చి పోయే దానికి సీఆర్ఓ పనికిరాదు. తిరిగి తిరిగి వచ్చే సైన్ వేవ్ చూసుకోనీకి అయితే బాగనే ఉంటది.

ఆకుపచ్చ_గీత (హనుమకొండ) • శుక్రవారం రాత్రి 11:18

కరీంనగర్ తమ్ముడు డిజిటల్ స్కోపు గురించి చెప్పింది నిజమే. సీఆర్ఓ పనికిరాదన్న మాట మాత్రం నిజం కాదు. పిడుగు కరెంటు లైన్ మీద పడితే ఏమవుతుందో ఒకప్పుడు చూసింది కాథోడ్ కిరణంతోనే, ఒక్కసారి వచ్చి పోయే తరంగాన్నే. దాని గురించి తరువాత రాస్తాను. నేను ముప్పై ఏళ్లు ల్యాబుల్లో సీఆర్ఓలు చూసుకున్న మనిషిని, కాబట్టి ముందు అసలు సంగతికి వస్తా.

నర్సంపేట బాబూ, ఆ 8 వోల్టులను ఇప్పుడే నమ్మవద్దు. ఒక పరీక్ష చెయ్యి. ప్రోబు మొనను 5 వోల్టుల లైను మీద నుంచి తీసి, దాని సొంత గ్రౌండు క్లిప్పుకే తగిలించు. మొన, క్లిప్పు రెండూ కలిపి బోర్డు గ్రౌండు మీద ఒకే చోట పెట్టు. సీఆర్ఓ మీద ఏ నాబూ కదిలించకు. ఇప్పుడు కాంటాక్టర్ ఆఫ్ చెయ్యి. రెండు చివర్లూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి తెరమీద ఏమీ రాకూడదు. వస్తే, నువ్వు చూసిన దాంట్లో అంత భాగం బోర్డుది కాదు, నీ ప్రోబుది.

ఆ నల్ల క్లిప్పు తీగ జానెడు పొడుగు ఉంటుంది కదా. ప్రోబుతో కలిసి అది ఒక ఉంగరం అవుతుంది. పక్కన కరెంటు ఒక్కసారిగా తెగితే అయస్కాంత క్షేత్రం ఆ ఉంగరం గుండా కూలిపోతుంది, ఉంగరంలో వోల్టేజీ పుడుతుంది. పైగా తీగకు మిల్లీమీటరుకు సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్. 15 సెంటీమీటర్లకు 150 నానోహెన్రీలు. ప్రోబు మొన కెపాసిటెన్స్ 15 పికోఫారడ్లు అనుకుంటే ఆ రెండూ కలిసి 106 మెగాహెర్ట్జ్ దగ్గర గంట కొట్టినట్టు మోగుతాయి. నీ సీఆర్ఓకు ఆ మోత అంతా కనబడకపోవచ్చు, డిజిటల్ స్కోపులో అయితే బ్రహ్మాండంగా కనబడుతుంది. చూసినవాళ్లు అది బోర్డులోనే ఉందనుకుంటారు. కొత్త స్కోపు కొన్నా ఈ పరీక్ష తప్పదు.

బోరుబావి_స్టార్టర్ • శనివారం ఉదయం 8:10

సార్, పొద్దుగాల షాపు తెరవంగనే చేసిన. మొన, క్లిప్పు కలిపి పెట్టినా 6 వోల్టులు కొడుతుంది! నిన్న రాత్రి గా స్పైకును చూసి బోర్డు మీద రెండు కెపాసిటర్లు మార్చిన. అనవసరంగ మార్చిననా?

ఆకుపచ్చ_గీత • శనివారం ఉదయం 9:30

అనవసరం కాకపోవచ్చు, కాని ఆ మెరుపును చూసి మార్చాల్సింది కాదు. ఇప్పుడు ప్రోబు మీది కొక్కెం టోపీ లాగెయ్యి. సన్నటి మొన, దాని వెనుక మెరిసే లోహపు ఉంగరం కనబడతాయి. ఆ ఉంగరమే గ్రౌండు. ఇన్సులేషన్ తీసిన గట్టి రాగి తీగను దాని చుట్టూ రెండు మూడు చుట్లు బిగించి, ఒక సెంటీమీటరు కొస బయటికి వదులు. మొన చిప్పు 5 వోల్టుల కాలు మీద, తీగ కొస అదే చిప్పు గ్రౌండు కాలు మీద. జానెడు ఉంగరం పోయి గోరంత అవుతుంది. పాత క్లిప్పు తీగను పూర్తిగా పీకి పక్కన పెట్టు. ఆ తరువాత మళ్లీ మొన, కొస కలిపి పరీక్ష.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. నీ బోర్డుకు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వస్తుందా, నేరుగా ఫేజు నుంచి కెపాసిటర్ దింపి తీసుకున్నారా? ఫేజు ఉందో లేదో చూసే సర్క్యూటు ఆప్టోకప్లర్ల (వెలుగుతో సిగ్నల్ దాటించి, కరెంటును వేరుగా ఉంచే చిప్పుల) గుండా ఉందా, రెసిస్టర్లతో నేరుగా ఉందా? సీఆర్ఓ గ్రౌండు దాని బాడీకి, బాడీ మూడో పిన్ను గుండా భూమికి కలిసి ఉంటుంది. ఫేజుతో సంబంధం ఉన్న చోట ఆ కొస తగిలితే ప్రోబు కాలుతుంది, బోర్డు కాలుతుంది, చేతికి కూడా ప్రమాదం.

సిరిసిల్ల_మగ్గం (సిరిసిల్ల) • శనివారం ఉదయం 10:02

మా దగ్గర పవర్‌లూమ్ మోటర్ల ప్యానెళ్లు చూసేటోళ్లల్ల చానా మంది సీఆర్ఓ ప్లగ్గు మూడో పిన్ను కోసేస్తరు సార్. గట్ల చేస్తే షార్టు కాదు గద అంటరు. సరైన పద్ధతి ఏంది?

ఆకుపచ్చ_గీత • శనివారం ఉదయం 10:40

కోయవద్దు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక ల్యాబులో థైరిస్టర్ ప్రయోగం జరుగుతుండగా ఒక విద్యార్థి ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు సీఆర్ఓ పెట్టాడు. గ్రౌండు క్లిప్పు ఫేజు వైపు తగిలించాడు. షార్టు కాలేదు, ఫ్యూజు పోలేదు, తెరమీద వేవ్‌ఫామ్ ముచ్చటగా వచ్చింది. ఎందుకంటే సీఆర్ఓ లోహపు పెట్టె మొత్తం 230 వోల్టుల మీద కూర్చుంది. పక్క బెంచీ పిల్లవాడు నోటు పుస్తకం తీసుకుంటూ మోచెయ్యి పెట్టెకు ఆనించాడు. మెయిన్ ఆపడానికి నేను పరుగెత్తిన ఆ నాలుగు అడుగులు ఇప్పటికీ గుర్తే. పిల్లవాడు బతికాడు. మోచేతి మీద కాలిన మచ్చ మిగిలింది.

రెండు ఛానెళ్లు ఉన్నప్పుడు సరైన పద్ధతి, రెండు ప్రోబుల మొనలను రెండు చివర్లకు పెట్టి, రెండో ఛానెల్‌ను ఇన్వర్ట్ (తలకిందులు) చేసి యాడ్ నొక్కడం. రెండు గ్రౌండు క్లిప్పులూ ఒకదానికొకటి కలిపి వదిలెయ్యాలి, సర్క్యూటుకు తగిలించకూడదు. నానోసెకండ్ల స్పైకులకు ఈ తీసివేత అంత బాగా కుదరదు, రెండు ఛానెళ్లు అంత వేగంలో సమానంగా నడవవు. మోటరు ప్యానెల్లో వేవ్‌ఫామ్ చూసుకోవడానికి చాలు.

బోరుబావి_స్టార్టర్ • శనివారం సాయంత్రం 6:25

సార్, నా బోర్డుల ట్రాన్స్‌ఫార్మరే ఉంది, 415 నుంచి 12 వోల్టులు. ఫేజు చూసేటివి ఆప్టోకప్లర్లే. మూడో పిన్ను పెట్టే ఉంచిన.

రాగి తీగ చుట్టి చూసిన. మొన, కొస కలిపితే ఇప్పుడు అర వోల్టు కూడ సరిగ లేదు. 5 వోల్టుల లైన్ మీద పెడితే 3 వోల్టులకు జర ఎక్కువ ఎగురుతుంది. అంటే ఇది అసలుదే కద? కాని ఒక చిత్రం. ట్రిగ్గర్ ఆటోల నుంచి నార్మ్‌లకు (సిగ్నల్ వస్తేనే గీత గీసేదానికి) మార్చినంక గీత అప్పుడప్పుడే వస్తుంది, వచ్చినప్పుడు స్పైకు దిగేది మసకగ కనబడుతుంది, ఎక్కేది మాత్రం కనబడదు. పై నుంచి ఊడిపడ్డట్టు తోక ఒక్కటే ఉంటది. తల యాడ పోతుంది?

ఓరుగల్లు_హెచ్‌వీ (వరంగల్) • శనివారం రాత్రి 8:15

అన్నా, నేను హైవోల్టేజీ మీద ఎంటెక్ చేస్తున్నాను. తల కనబడకపోవడానికి రెండు కారణాలు కలిసి ఉన్నాయి.

మొదటిది కిరణం వేగం. ఎలక్ట్రాన్ కిరణం తెరమీద ఎంత సేపు నిలిస్తే ఆ చోట ఫాస్ఫర్ (తెర లోపలి వెలిగే పూత) అంత వెలుగుతుంది. స్పైకు 20 నానోసెకండ్లలో నాలుగు సెంటీమీటర్లు ఎక్కిందంటే కిరణం మైక్రోసెకండుకు 200 సెంటీమీటర్లు పరుగెత్తినట్టు. అంత పరుగులో ఒక్కో చుక్క మీద పడే ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. తోక నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కనబడుతుంది. దీన్నే రైటింగ్ స్పీడ్ అంటారు. మన ల్యాబు సీఆర్ఓల ట్యూబులో కిరణాన్ని లాగే వోల్టేజీ సుమారు రెండు కిలోవోల్టులే, అందుకే ఒక్కసారి గీసిన వేగపు గీత మసకగా ఉంటుంది.

రెండోది, స్వీప్ (కిరణం ఎడమ నుంచి కుడికి సాగడం) మొదలు కావడానికి కొంత టైమ్ పడుతుంది. స్పైకు వచ్చాక ట్రిగ్గర్ సర్క్యూటు కదలాలి, కిరణాన్ని పక్కకు లాగే రంపపు పన్ను వోల్టేజీ మొదలవ్వాలి, కిరణం వెలగాలి. అప్పటికి తల దాటిపోయి ఉంటుంది. ఖరీదైన సీఆర్ఓల లోపల డిలే లైన్ ఉంటుంది, సిగ్నల్‌ను అంత సేపు ఆపి తరువాత తెరకు పంపుతుంది. 20 మెగాహెర్ట్జ్ వాటిలో ఎక్కువగా ఉండదు.

అసలు స్పైకు ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. మీ చిన్న రిలే, కాంటాక్టర్ కాయిల్ కరెంటును తెంపుతుంది. కాయిల్లో దాచుకున్న శక్తి ఎటూ పోలేక వోల్టేజీని పెంచుతుంది. రిలే పాయింట్ల మధ్య సందు ఇంకా సన్నగానే ఉంటుంది, కాబట్టి నిప్పురవ్వ దూకుతుంది, వోల్టేజీ పడిపోతుంది, రవ్వ ఆరుతుంది, మళ్లీ పెరుగుతుంది, సందు కొంచెం పెరిగాక ఇంకా ఎక్కువ వోల్టేజీకి మళ్లీ దూకుతుంది. పాయింట్లు పూర్తిగా విడిపోయేలోపు ఇట్లా పదుల సార్లు జరుగుతుంది. ప్రతి దూకుడూ కొన్ని నానోసెకండ్లలోనే. ఐఈసీ 61000-4-4 (పరికరాలు ఇలాంటి గోలను తట్టుకుంటాయో లేదో చూసే అంతర్జాతీయ ప్రమాణం) పరీక్షలో వాడే పల్స్ ఈ రవ్వల వాననే పోలి ఉంటుంది, 5 నానోసెకండ్లలో ఎక్కి 50 నానోసెకండ్ల వెడల్పు ఉంటుంది. ఒక్కటి కాదు, గుంపుగా పంపుతారు.

మీ సీఆర్ఓ సొంత రైజ్ టైమ్ (ఎక్కడానికి పట్టే టైమ్) 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వస్తుంది. 20 మెగాహెర్ట్జ్‌కు 17.5 నానోసెకండ్లు. నిజంగా 5 నానోసెకండ్లలో ఎక్కే స్పైకు మీకు 18 లాగా కనబడుతుంది, ఎత్తు కూడా తగ్గుతుంది. కాబట్టి 3 వోల్టులంటే కనీసం 3 అని చదువుకోండి. ఆఖరుగా ఒక మాట. 415 వోల్టుల కాయిల్ చివర్ల మీద ఆ మామూలు ప్రోబు మాత్రం పెట్టకండి. అక్కడ స్పైకు వేల వోల్టులకు పోతుంది.

డిజిటల్_దోస్తు • శనివారం రాత్రి 8:50

డిలే లైన్ లేకపోతే తల ఎట్లైనా రాదు కద అక్కా. నేను చెప్పింది గదే.

ఆకుపచ్చ_గీత • శనివారం రాత్రి 10:55

వస్తుంది. సీఆర్ఓ లోపల డిలే లైన్ లేకపోతే బయట పెట్టుకోవాలి. కేబులు ఎంత పొడుగుంటే సిగ్నల్ అంత ఆలస్యం. ఇంటింటికీ వచ్చే డిష్ కేబులు ఉంది చూడు, ఆర్‌జీ-6. దాంట్లో సిగ్నల్ మీటరుకు సుమారు 4 నానోసెకండ్లు తీసుకుంటుంది. 50 మీటర్ల చుట్ట తెచ్చావంటే 200 నానోసెకండ్లు. టైమ్ బేస్ (తెరమీద ఒక గడికి ఎంత టైమో పెట్టే నాబు) 0.2 మైక్రోసెకండ్లకు పెడితే సరిగ్గా ఒక గడి. స్పైకు కేబుల్లో నడుస్తుండగానే స్వీప్ మొదలై గీత సాగుతుంటుంది, ఒక గడి దాటాక స్పైకు వచ్చి చేరుతుంది. తల, తోక రెండూ దొరుకుతాయి.

అయితే ట్రిగ్గర్ కేబుల్ చివర నుంచి తీసుకుంటే లాభం లేదు, అదీ ఆలస్యంగానే వస్తుంది. ట్రిగ్గర్‌ను ఎక్స్‌టర్నల్‌కు మార్చు. మెయిన్ తీసేసి, రిలే నుంచి కాయిల్‌కు పోయే తీగ ఇన్సులేషన్ మీదనే ఒక ఇన్సులేటెడ్ తీగను నాలుగు చుట్లు చుట్టు. రాగికి రాగి తగలవద్దు. ఆ తీగ రెండో చివరను ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్ సాకెట్‌కు కలిపి, అక్కడ గ్రౌండుకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టు. రవ్వ దూకగానే స్వీప్ లేస్తుంది.

బోర్డు దగ్గర కేబులు మొదట్లో 680 ఓమ్‌ల రెసిస్టర్, దాంతో వరుసగా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్. కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించు. సీఆర్ఓ దగ్గర 150 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పక్కపక్కన పెడితే 75 అవుతుంది, కేబుల్‌కు సరిపోతుంది. 680కి 75 కలిపితే 755, అంటే ఇది సుమారుగా 10ఎక్స్ ప్రోబే అయింది. కెపాసిటర్ ఉంది కాబట్టి 5 వోల్టుల డీసీ రాదు, స్పైకు మాత్రమే వస్తుంది. అంత పొడుగు కేబులు పై పొర మీద కూడా గోల పాకుతుంది. బోర్డు వైపు కేబుల్‌ను ఫెరైట్ రింగులో ఐదారు చుట్లు తిప్పు.

ఇప్పుడు నిన్న దాటవేసిన సంగతి. జర్మనీలో బ్రౌన్ 1897లో కాథోడ్ రే ట్యూబు చేసినప్పటి నుంచి దాంతో క్షణంలో పోయేదాన్ని రాసి ఉంచుకోవాలని తపన పడ్డవాళ్లు చాలామంది. తెర వెలుగు చాలదని ఫ్రాన్స్‌లో దుఫూర్ ఫొటో ఫిల్మును ట్యూబు లోపలే, శూన్యంలోనే పెట్టాడు. ఎలక్ట్రాన్లు నేరుగా ఫిల్ము మీదనే రాసేవి. ఫిల్ము మార్చాలంటే లోపలికి గాలి వదిలి, మళ్లీ పంపు పెట్టి శూన్యం చెయ్యాలి. 1920ల్లో బెర్లిన్‌లో డెన్నిస్ గాబోర్ హైవోల్టేజీ లైన్ల మీద పరుగెత్తే తరంగాలను పట్టడానికే సీఆర్ఓ మీద డాక్టరేట్ చేశాడు. కిరణాన్ని సన్నగా కూర్చడానికి ఇనుప తొడుగు వేసిన చిన్న కాయిల్ వాడాడు. అదే బెర్లిన్‌లో నోల్, రూస్కా కూడా సీఆర్ఓ కిరణాన్ని కూర్చే పనిలోనే ఉండి, 1931లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా వెళ్లారు. రూస్కాకు 1986లో నోబెల్ వచ్చింది. లైన్ మీద పడ్డ పిడుగును చూడాలన్న పట్టుదల నుంచి వైరస్‌ను చూపే యంత్రం పుట్టిందన్న మాట. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది.

బోరుబావి_స్టార్టర్ • ఆదివారం మధ్యాహ్నం 3:37

సార్, కేబుల్ టీవీ ఆయన దగ్గర 50 మీటర్ల చుట్ట తెచ్చిన. పై అల్లిక మీద టంకం అస్సలు పట్టలే. గంట సేపు పేస్టు పెట్టి గీకిన, చుక్క చుక్కయి జారిపోతుంది.

సిరిసిల్ల_మగ్గం • ఆదివారం మధ్యాహ్నం 3:52

గది అల్యూమినియం అల్లిక అన్నా, టంకం పట్టది. డిష్ వాళ్లు వాడే ఎఫ్ కనెక్టర్ రెండు దిక్కులా తిప్పి బిగించు. సీఆర్ఓ దిక్కు ఎఫ్ నుంచి బీఎన్‌సీ అడాప్టర్ దొరుకుతది. బోర్డు దిక్కు ఎఫ్ సాకెట్ బాడీకి టంకం పడుతది, దాన్ని గ్రౌండుకు పెట్టి, నడిమి పిన్నుకు నీ రెసిస్టర్ పెట్టు.

ఫొటో కోసం నేను చేసేది చెప్త. రూము చీకటి చేసి, ఫోన్ను స్టాండుకు పెట్టి, ప్రో మోడ్‌ల ఐఎస్ఓ 1600, షట్టర్ 4 సెకండ్లు, ఫోకస్ చేత్తోని తెర మీద. షట్టర్ తెరిచి ఉన్నప్పుడే కాంటాక్టర్ ఆఫ్ కొట్టాలె. ఆ నాలుగు సెకండ్లల్ల వచ్చిన ఒక్క గీత ఫొటోల పడుతది. వీడియో తియ్యకు, ఫ్రేముల నడుమ పోతది.

ఆకుపచ్చ_గీత • ఆదివారం సాయంత్రం 4:20

సరిగ్గా చెప్పావు. ఒకప్పుడు సీఆర్ఓ ముందు పోలరాయిడ్ కెమెరా బిగించి ఇదే పని చేసేవాళ్లం. ఫిల్ముకు నీలం తెర మేలు, కంటికి పచ్చ తెర మేలు అని రెండు రకాల ఫాస్ఫర్లు దొరికేవి. ఫోన్ కెమెరా సెన్సారులో పచ్చ చుక్కలు మిగతా రంగుల కంటే రెట్టింపు ఉంటాయి, కాబట్టి మన పచ్చ తెర దానికి బాగా కుదురుతుంది. నార్మ్ ట్రిగ్గర్‌లో స్వీప్ లేనప్పుడు కిరణం తెరమీద పడదు కాబట్టి ఇంటెన్సిటీ చివరిదాకా తిప్పవచ్చు. ఆటోలోకి మార్చే ముందు మాత్రం తగ్గించు. ఎక్స్-వై మోడ్‌లోకి పొరపాటున పోతే ఒకే చుక్క నిలబడి ఫాస్ఫర్ కాలిపోతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు.

బోరుబావి_స్టార్టర్ • ఆదివారం రాత్రి 9:08

తల వచ్చింది సార్! ఫొటో పెట్టిన చూడున్రి. గీత ఒక గడి చప్పగ పోయి, అక్కడ్నుంచి నిటారుగ లేచింది. ఎక్కే గీత ఎంత సన్నగ ఉందంటే ఫొటో పెద్దగ చేసి చూస్తే తప్ప కనబడది, కాని ఉంది. కాకపోతే తరువాత రెండు గడులకు ఇంకో స్పైకు, ఇంకా రెండు గడులకు ఇంకోటి, చిన్నగ అయ్యుకుంట పోతున్నయి. అన్నీ లెక్క పెట్టినట్టు ఒకే దూరంల. ఇవే అక్క చెప్పిన రవ్వలా?

కేబుల్_జాయింట్ (జనగామ) • ఆదివారం రాత్రి 9:31

రవ్వలైతే అంత కొలిచినట్టు రావు తమ్మీ. నువ్వు సీఆర్ఓ దగ్గర 150 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టడం మరిచినవు. రెండు గడులంటే 400 నానోసెకండ్లు. సిగ్నల్ చివరిదాకా పోయి, అక్కడ మింగేది లేక వెనక్కి తిరిగి, బోర్డు దగ్గర 680 ఓమ్‌లకు తగిలి మళ్లీ ముందుకు వస్తుంది. పోను 200, రాను 200. నీ చుట్ట 50 మీటర్లు నిజంగనే ఉంది, కేబుల్ ఆయన మోసం చెయ్యలే.

భూమిలో వేసిన కేబుల్ ఎక్కడ తెగిందో మేము కనుక్కునేది ఈ ప్రతిధ్వనితోనే. పవర్ కేబుల్లో పల్స్ మైక్రోసెకండుకు సుమారు 160 మీటర్లు పోతుంది. 10 మైక్రోసెకండ్లకు తిరిగొస్తే 160ని 10తో గుణించి సగం చేస్తే 800 మీటర్లు. అక్కడ తవ్వుతాం. మొదట్లో నేను సీఆర్ఓ తెరమీద గ్రీజు పెన్సిలుతో గీసుకొని లెక్క కట్టేవాణ్ని. సగం చెయ్యడం మరిచిన రోజు రెట్టింపు దూరం పోయి ఒక పూటంతా మట్టి తవ్వించిన, కూలీలకు ముఖం చూపలేకపోయిన.

బోరుబావి_స్టార్టర్ • ఆదివారం రాత్రి 10:14

నిజమే అన్నా, టేబుల్ మీదనే ఉన్నయి రెండు రెసిస్టర్లు. ఇప్పుడు పెట్టిన. కొలిచినట్టు వచ్చేటివి పోయినయి. ఇంకో ఫొటో పెట్టిన, ఇది 0.1 మిల్లీసెకండ్ల టైమ్ బేస్ మీద. దీంట్ల గీతలు ఎడాపెడా ఉన్నయి. మొదట దగ్గర దగ్గర చిన్నయి, పోను పోను దూరం దూరం పెద్దయి. లెక్క పెడితే ఇరవై దాకా వచ్చినయి.

ఓరుగల్లు_హెచ్‌వీ • ఆదివారం రాత్రి 10:40

అదే రవ్వల వాన అన్నా. దూరం పెరుగుతోంది, ఎత్తు పెరుగుతోంది. పాయింట్ల మధ్య సందు పెరిగేకొద్దీ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అంత వోల్టేజీ ఎక్కడానికి ఎక్కువ టైమ్ కావాలి. పుస్తకంలో బొమ్మ చూశాను కాని ఒక రిపేరు షాపులో, పాత సీఆర్ఓ మీద, ఫోన్‌తో తీసింది ఇంత స్పష్టంగా చూస్తాననుకోలేదు. ఈ ఫొటో మా క్లాసులో చూపించవచ్చా?

ఇక మందు. రవ్వ పుట్టకుండా చూడాలి. కాయిల్ ఏ1, ఏ2 చివర్ల మీదనే 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వరుసగా పెట్టండి. 415 వోల్టుల మీద ఒక్క 275 వోల్టుల ఎక్స్2 (మెయిన్ లైన్ మీద పెట్టే రకం) కెపాసిటర్ ఆగదు, 0.22వి రెండు వరుసగా పెడితే 0.11 అవుతుంది. రెసిస్టర్ 2 వాట్లది. పక్కన ఒక ఎంఓవీ (వోల్టేజీ మితిమీరితే దాన్ని మింగేది), 14డీ821. అది 510 వోల్టుల ఏసీ దాకా మామూలుగా ఉంటుంది, రాత్రి లైన్ వోల్టేజీ పెరిగినా కాలదు.

సిరిసిల్ల_మగ్గం • సోమవారం ఉదయం 7:45

మేము ఆ కెపాసిటర్ రిలే పాయింట్ల మీద పెడుతం అక్కా. ఏమన్న తేడానా?

ఓరుగల్లు_హెచ్‌వీ • సోమవారం ఉదయం 8:20

ఈ బోర్డుకు తేడానే. 0.1 మైక్రోఫారడ్ 50 హెర్ట్జ్‌కు 32 కిలో ఓమ్‌ల లాంటిది. పాయింట్లు తెరుచుకున్నా 415 వోల్టుల మీద 13 మిల్లీఆంపియర్లు కాయిల్ గుండా పోతూనే ఉంటాయి. చిన్న కాంటాక్టర్ అయితే సరిగ్గా పడకుండా గుయ్యిమంటూ ఉండిపోవచ్చు. నీళ్ల మోటర్ ఆఫ్ కొట్టినా ఆగకపోతే అది ఇంకో ప్రమాదం. కాయిల్ మీద పెడితే ఆ బాధ లేదు.

బోరుబావి_స్టార్టర్ • బుధవారం రాత్రి 9:55

ఫొటో క్లాసుల చూపియ్యున్రి అక్కా, నాకు మస్తు సంతోషం. హనుమకొండ నుంచి ఎక్స్2 కెపాసిటర్లు తెప్పిచ్చి ఇయ్యాల పెట్టిన. అదే కేబులు, అదే గడి, అదే వోల్ట్స్/డివ్, ఏదీ కదిలియ్యలే. ఇరవై గీతలు పోయినయి. ఒక్క గుండ్రటి అల వస్తుంది, అర వోల్టు ఉంటదో లేదో. మొన, గ్రౌండు కలిపి మళ్లీ చూసిన, దాంట్ల సగం ఇంకా ప్రోబుదే అనిపిస్తుంది.

సాయంత్రం సంది రెండు వందల సార్లు ఆన్ ఆఫ్ కొట్టిన. ఒక్కసారి కూడ రీసెట్ కాలే. రేపు మక్క చేను ఆయన దగ్గర బిగిస్త.

డిజిటల్_దోస్తు • బుధవారం రాత్రి 10:20

అన్నా, నిజంగ అభినందనలు. సీఆర్ఓ పనికిరాదన్న మాట వెనక్కి తీసుకుంటున్న. నా 100 మెగాహెర్ట్జ్ స్కోపు తెస్త, ఆదివారం నర్సంపేట వస్త. కెపాసిటర్ పెట్టని బోర్డు ఒకటి ఉంచు. అదే చోట రెండింటినీ పెట్టి ఎక్కే టైమ్ ఎంతో చూద్దాం. నాది 3.5 నానోసెకండ్ల దాకా చూపియ్యాలె.

ఆకుపచ్చ_గీత • బుధవారం రాత్రి 10:48

నేనూ వస్తాను. పాకాల బస్సు ఎక్కితే నర్సంపేటలో దిగవచ్చు కదా. నా దగ్గర పాత 100ఎక్స్ ప్రోబు ఒకటి ఉంది, కాయిల్ చివర్ల మీద అసలు ఎన్ని వోల్టులు ఎక్కుతుందో దాంతో ఒకసారి చూద్దాం. తమ్ముడూ, నీ స్కోపు ప్రోబుల డబ్బాలో పొట్టి గ్రౌండు స్ప్రింగు ఉంటుంది, చాలామంది పారేస్తారు. అది తప్పకుండా తీసుకురా.

డిజిటల్_దోస్తు • బుధవారం రాత్రి 10:55

ఉంది సార్, ఇప్పుడే డబ్బా వెతికి తీసిన. సంచిల పెట్టిన.